పడమటి ఎండకు వెదురు తెర: చేట పుచ్చితే తెలిసిన సంగతులు

మా అమ్మ చేట పుచ్చకపోయి ఉంటే మా హాలు ఈ వేసవిలోనూ పెనంలా కాలుతూనే ఉండేది. చేటకూ హాలుకూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి.

నాచారంలో నాలుగో అంతస్తు ఫ్లాట్ మాది. కొనేటప్పుడు తూర్పు గుమ్మం చూశాం. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయా అని అడిగాం. పడకగది నైరుతిలో ఉందో లేదో అమ్మ దిక్సూచి పెట్టి మరీ చూసింది. పడమటి వైపు ఏముందో మాత్రం ఎవరం చూడలేదు. హాలుకు పడమట 8 అడుగుల గాజు తలుపు, దాని అవతల 4 అడుగుల లోతు బాల్కనీ, దాని అవతల అడ్డం అంటూ ఏమీ లేదు. చేరింది జనవరిలో. ఎంత వెలుతురో అని మురిసిపోయాం. వచ్చిన చుట్టాలందరికీ ఆ గాజు తలుపే చూపించాం.

ఏప్రిల్ వచ్చేసరికి మురిపెం తీరింది. మధ్యాహ్నం మూడు దాటగానే ఎండ బాల్కనీలోకి దిగేది. నాలుగున్నరకల్లా గాజు దాటి సోఫా మీద కూర్చునేది. మేం అక్కడి నుంచి లేచిపోయేవాళ్లం. ఆరు దాకా ఆ హాలు మాది కాదు. సోఫా గుడ్డ ఒక వైపు వెలిసి రెండు రంగులైంది. మందపాటి పరదాలు వేశాం. చీకటి వచ్చింది, గాలి పోయింది, వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకునే మనిషిని. పట్టపగలు ట్యూబులైటు కింద పద్దులు చూడడం అంటే నాకు చిరాకు.

వెదురు తెరల ఆలోచన అప్పుడు వచ్చింది. వెలుతురు వస్తుంది, గాలి ఆడుతుంది, చూడడానికి బాగుంటుంది. ఆన్‌లైన్‌లో సన్నటి పుల్లలతో అల్లినవి, తాడు లాగితే మడతలు మడతలుగా పైకి లేచేవి దొరికాయి. 4 అడుగుల వెడల్పువి రెండు తెప్పించాను. రెండూ కలిపి 4,200 రూపాయలు.

మొదటి తప్పు కొలతలో చేశాను. తలుపు 8 అడుగులు కాబట్టి నాలుగూ నాలుగూ ఎనిమిది అని లెక్క వేశాను. లెక్కలు రాసే మనిషిని కదా! ఇలాంటి తెర చట్రం లోపల అమర్చేదైతే అటూ ఇటూ అర అంగుళం తగ్గించి తీసుకోవాలి, లేకపోతే గోడకు రాసుకుంటుంది. చట్రం బయట గోడకు బిగించేదైతే రెండు వైపులా కనీసం మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే పక్కల నుంచి ఎండ దూరుతుంది. నేను రెండూ చేయలేదు. సరిగ్గా 8 అడుగులకు 8 అడుగులు తీసుకుని గోడకు బిగించాను. రెండు తెరల మధ్య అంగుళం సందు మిగిలింది. ఆ అంగుళంలోంచి వచ్చే ఎండ కత్తిలా టీవీని నిలువునా కోసేది.

అయినా మొదటి వారం అందరం సంతోషంగానే ఉన్నాం. నేల మీద సన్నటి చారలు పడేవి, మా అమ్మాయి వాటి మీద కాళ్లు పెట్టకుండా దూకుతూ ఆడుకునేది. వేడి మాత్రం ఆడుకోలేదు. ఒక సాయంత్రం తెరకూ గాజుకూ మధ్య చెయ్యి పెట్టి చూశాను. రొట్టెలు కాల్చే బట్టీలో పెట్టినట్టుంది. గదిలో పెట్టుకునే చిన్న ఉష్ణమాపకం ఒకటి ఉంటే ఆ సందులో వేలాడదీశాను. ఐదు గంటలకు 47 డిగ్రీలు చూపించింది. గదిలో 38.

కారణం తెలియనిదేమీ కాదు, ఎనిమిదో తరగతి సైన్సే. ఎండ గాజులోంచి సులువుగా లోపలికి వస్తుంది. తెర మీద పడి వేడిగా మారుతుంది. ఆ వేడి గాజులోంచి అంత సులువుగా బయటికి పోలేదు. అంటే దొంగ ఇంట్లోకి వచ్చాక నేను నడవలో గొళ్లెం పెట్టానన్నమాట. తెలిసిన శాస్త్రమే అయినా 4,200 పోసి కొన్న వస్తువు దండగ అని ఒప్పుకోవడానికి నాకు ఇంకో నెల పట్టింది.

రాత్రిపూట ఇంకో తమాషా. పగలు తెర లోపలి నుంచి బయటి ప్రపంచమంతా కనిపిస్తుంది, బయటివాళ్లకు మేం కనిపించం. దీపం పెట్టగానే అది తిరగబడుతుంది. ఎదుటి భవనం వాళ్లు ఒకరోజు లిఫ్టులో కనిపించి, "మీ అమ్మగారు రాత్రి పదకొండింటికి కూడా పత్తి తీసి వత్తులు చేస్తుంటారండీ, ఎంత ఓపిక!" అన్నారు. అమ్మకు ఆ మెచ్చుకోలు నచ్చలేదు. ఆ రాత్రి నుంచి పాత పరదాలు మళ్లీ తోడయ్యాయి.

జూన్‌లో తెర కింద నేల మీద పిండి రాలడం మొదలైంది. గంధం పొడి అంత మెత్తగా, లేత పసుపు రంగులో. పనిమనిషి ఊడుస్తుంది, మర్నాటికి మళ్లీ చిన్న చిన్న కుప్పలు. పుల్లలను దగ్గరగా చూస్తే గుండుసూది తలంత రంధ్రాలు. ఒకదానిలోంచి నల్లటి పురుగు తొంగి చూసింది, 3 మిల్లీమీటర్లు ఉంటుందేమో. తెర అమ్మినవాళ్లకు ఫోటోలు పంపితే, తేమ తగలనిచ్చారా అని అడిగి ఊరుకున్నారు. పది రోజులకు వంటింట్లో అమ్మ కేక పెట్టింది. ఆమె చేట, పెళ్లినాడు ఇచ్చిన చేట కాదు గానీ ఇరవై ఏళ్లుగా వాడుతున్న చేట, చెరగడానికి ఎత్తితే అంచు చేతిలోకి ఊడి వచ్చింది. దాని కిందా అదే పిండి.

"నీ అందాల తెరే నా చేటను తినేసిందిరా" అంది. నేను వాదించలేదు. సాక్ష్యం నేల మీదే ఉంది.

చేట కోసం అమ్మను స్కూటరు మీద ఎక్కించుకుని బయలుదేరాను. హబ్సిగూడ వెళ్లే దారిలో రోడ్డు పక్కన ఒక మేదరి కుటుంబం ఉంటుంది. గంపలు, తట్టలు, పెళ్లి బుట్టలు, నిచ్చెనలు పేర్చి ఉంటాయి. వాటి వెనక గోడకు ఆనించి పచ్చటి బొంగులు. ఎన్నేళ్లుగానో ఆ దారిన పోతూనే ఉన్నాను, ఒక్కసారీ బండి ఆపలేదు. అమ్మ చేటలను ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి, వేలితో మీటి బేరం చేస్తుంటే, ఊరుకోలేక నా తెర గోడు ఆ పెద్దాయనకు చెప్పాను.

ఆయన ఒకటే అడిగాడు. "మే నెలలో సాయంత్రం ఐదింటికి ఎండ మీ బాల్కనీలోకి ఏ మూల నుంచి వస్తుంది సార్?"

"పడమర నుంచి" అన్నాను.

"పడమర అందరికీ ఒకటే. మూల చెప్పండి."

నాకు తెలియలేదు. అమ్మ చేట మీటడం ఆపి, "ఉత్తరం వైపు గోడ లేని సందు ఉంది కదా, అక్కడి నుంచి. నా తులసి కుండీ మాడేది అక్కడే" అంది.

ఆయన తల ఊపాడు. "అయితే ముందు ఒకటి, పక్కన ఒకటి కట్టాలి. మీరు లోపల కట్టారు. చిక్ బయట కట్టే వస్తువు."

హైదరాబాదులో ఈ తెరను చిక్ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో చిల్మన్ అనడమూ ఉంది. మా అమ్మకు మాత్రం తడిక. ఆమె చిన్నప్పుడు వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారట. తడి వేళ్ల గుండా వడగాలి వచ్చేసరికి చల్లబడి, పరిమళం కూడా మోసుకొచ్చేదట. వెదురు తడిక మీదా నీళ్లు చల్లితే సరి కదా అని ఆమె అడిగింది. వెదురు చర్మం నీళ్లు తాగదు, పైగా తాళ్లు బూజు పడతాయి అని ఆయన వద్దన్నాడు. పేరులోనే చిక్కు ఉన్న వస్తువు, ఇంక వేరే చిక్కులు తగిలించుకోవద్దని నేనూ ఊరుకున్నాను.

ఉత్తరపు మూల సంగతి ఇంటికొచ్చి కాగితం మీద వేసుకుంటే గానీ నాకు బుర్రకెక్కలేదు. హైదరాబాదు 17 డిగ్రీలకు కాస్త పైన ఉంది. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు, పత్రికల్లో నీడ లేని రోజని రాస్తుంటారు. తిరిగి వెళ్తూ ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రెండు తేదీల మధ్య కాలమంతా ఆయన మనకు ఉత్తరానే ఉంటాడు. మే మధ్యలో అస్తమించేది సరిగ్గా పడమట కాదు, దాదాపు 20 డిగ్రీలు ఉత్తరానికి జరిగి. అందుకే నా బాల్కనీకి ఎదురుగా ఎంత పెద్ద తెర కట్టినా, ఉత్తరపు పక్క తెరిచి ఉంటే గాజు మీద అడుగు, అడుగున్నర వెడల్పున ఎండ పట్టీ పడి తీరుతుంది. ఈ లెక్క నేను కాగితం మీద చేశాను. పెద్దాయన లెక్క ఎక్కడ చేశాడో గానీ, జవాబు ఒకటే.

మర్నాడు కొలతలు తీసుకోవడానికి ఆయనే వచ్చాడు. టేపు తెచ్చాడు గానీ ముందు బాల్కనీలో నిలబడి చాలాసేపు ఊరికే చూశాడు. పై దూలం ఎత్తు, గ్రిల్లు ఎక్కడ ముగుస్తుంది, ఎదుట ఏ భవనాలు ఉన్నాయి. ఎదురుగా 8 అడుగుల తెర ఒకటి చాలు కదా అన్నాను. "చుట్టి ఎత్తేటప్పుడు మీ చేతి బలం చాలదు, మధ్యలో కుంగుతుంది" అని రెండుగా విడగొట్టాడు. పక్కకు ఇంకొకటి. మొత్తం మూడు, ఒక్కొక్కటి 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. అంటే 84 చదరపు అడుగులు. అడుగుకు 90 రూపాయల చొప్పున 7,560. నేను అలవాటు చొప్పున బేరం మొదలుపెట్టబోతే అమ్మ కళ్లతోనే వారించింది. చేట దగ్గర పది రూపాయలకు అరగంట పోట్లాడిన మనిషి!

పని చూడడానికి రోజూ సాయంత్రం వెళ్లేవాడిని. బొంగు చీల్చడం అంటే గొడ్డలి దెబ్బల పని అనుకున్నాను. కాదు. ఆయన బొంగును కాలి బొటనవేలి పక్కన నిలబెట్టి, పైకొసలో కత్తిని ఊరికే ఆనించి, మణికట్టుతో ఒక్క తట్టు తట్టాడు. కత్తి కణుపు దగ్గర ఆగింది. ఇంకో తట్టు. టప్పుమని కణుపు విరిగింది. ఇక కత్తి మీద బలం పెట్టనే లేదు, కొద్దిగా మెలితిప్పితే పగులు దానంతటదే కిందిదాకా పరుగెత్తింది. రెండు సగాలు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఒక్కో బద్ద మళ్లీ రెండు పొరలు. పై పచ్చటి పొరను వేళ్లతో పట్టుకుని, లోపలి తెల్లటి గుజ్జు పొరను కాలితో అదిమి లాగితే, పాము కుబుసం విడిచినట్టు నిలువునా విడిపోయింది. చెరుకు కొరికినప్పుడు వచ్చే వాసన లాంటిది, కాస్త పచ్చిగా, ఆ చోటంతా వ్యాపించింది.

గుజ్జు పొరను పక్కకు విసిరేస్తుంటే, అదెందుకు పనికిరాదు అని అడిగాను. "అదే పురుగు తిండి. మీరు కొన్న తెర అంతా అదే" అన్నాడు. అందులో చర్మపు పొర ఉన్న పుల్లలు ఒకటో అరో ఉన్నా వెతుక్కోవాలట.

ఇంటికి రెండు ముక్కలూ తెచ్చాను, నమ్మక కాదు, ముచ్చటకు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పిండిపదార్థం ఉందో లేదో తెలుసుకోవడానికి అయొడిన్ వేయాలని బడిలో అప్పుడే చెప్పారట. దెబ్బలకు రాసుకునే అయొడిన్ మందు ఇంట్లో ఉంది. కొన్న తెర పుల్ల మీద ఒక చుక్క వేసింది. చూస్తూండగానే నల్లటి నీలం రంగుకు తిరిగింది. పచ్చ పొర మీద వేసిన చుక్క గోధుమ రంగులోనే ఉండిపోయింది. అమ్మ వచ్చి పుచ్చిన చేట మీద కూడా వేయించుకుని చూసి, "అయితే ఈ పురుగును నాకు తెలియకుండానే అన్నం పెట్టి పెంచుతున్నానన్నమాట" అంది.

పూర్వం కోసిన బొంగులను వారాల తరబడి చెరువు నీళ్లలో ముంచి ఉంచేవారట. పిండి నీళ్లలోకి దిగిపోయేది. పెద్దాయన ఊళ్లో ఇప్పటికీ అలాగే చేస్తారట, ఇక్కడ చెరువు ఎక్కడిది, నీళ్ల డ్రమ్మే చెరువు. దానికి తోడుగా నేను వెలిగారం మందు కలిపిద్దామన్నాను. బేగంబజారులో వెలిగారం, బోరిక్ పౌడరు రెండూ దొరికాయి. క్యారం బోర్డు మీద చల్లుకునే బోరిక్ పౌడరే, కాకపోతే సంచిలో. 20 లీటర్ల నీళ్లకు 600 గ్రాముల వెలిగారం, 400 గ్రాముల బోరిక్ పౌడరు. వేడినీళ్లలో అయితే త్వరగా కరుగుతాయి. చేతులకు తొడుగులు వేసుకున్నాం, డ్రమ్ముకు మూత పెట్టించాను, పిల్లలు తిరిగే చోటు కదా. కడుపులోకి పోతే మంచిది కాదు. బద్దలు నాలుగు రోజులు అందులో నానాయి. పెద్దాయన మొదట నవ్వాడు గానీ, తర్వాత మిగిలిన మందు నీళ్లు పారబోయవద్దని, తన బుట్టల బద్దలకు వాడుకుంటానని అడిగాడు.

ఈ మందుకు ఒక లోపం ఉంది. నీళ్లలో కరిగి లోపలికి వెళ్లింది నీళ్లలోనే కరిగి బయటికి వస్తుంది. వానలో తడిసే తెరకు పైన ఏదో ఒక పూత ఉండాలి. మెరిసే వార్నిష్ నాకు నచ్చదు, కాచిన అవిసె నూనె రెండు పూతలు పూశాం. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ముద్దగా చుట్టి మూలన పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి తీగ మీద ఆరేసి, ఆరాక పడేశాను.

అల్లకం ఆయన భార్య పని. రెండు గుంజల మీద అడ్డంగా ఒక కర్ర. దాని మీదుగా అటూ ఇటూ వేలాడే నూలు దారాలు, ప్రతి దారం కొసకూ రాయి కట్టిన ఉండ. ఒక బద్దను కర్ర మీద ఆనించడం, ముందున్న రాయిని వెనక్కి, వెనకున్న రాయిని ముందుకు వేయడం, మళ్లీ బద్ద. రాళ్లు ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమంటుంటే ఆమె నాతో మాట్లాడుతూనే ఉంది, చేతులు ఎక్కడా ఆగలేదు. బద్దకూ బద్దకూ మధ్య ఎంత సందు ఉండాలి అన్నదానికి ఆమె కొలత చిటికెన వేలి గోరు మందం. అంతకంటే దగ్గరైతే గాలి ఆడదు, దూరమైతే ఎండ ఆగదు. ప్రతి బద్ద నున్నటి చర్మం వైపు బయటికి, అంటే ఎండకూ వానకూ ఎదురుగా. నేను తిప్పి పెడితే అందంగా ఉంటుందేమో అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనం అర్థమైంది.

మాటల్లో బొంగు ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. పాతరోజుల్లో లారీలో నాలుగు బొంగులు తెచ్చుకోవాలన్నా కాగితాలు అడిగేవారని పెద్దాయన గొణిగాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. వెదురు గడ్డిజాతి మొక్క, వరికీ చెరుకుకూ చుట్టం. కానీ 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల జాబితాలో రాసింది. పొలం గట్టున పెంచిన వెదురు నరికి వేరే చోటికి తీసుకెళ్లాలన్నా అనుమతి కావలసి వచ్చేది. 2017లో చట్టం సవరించి ఆ మాట తీసేశారు. అడవిలో పెరిగే వెదురుకు అడవి చట్టం ఉండనే ఉంది, పొలంలో పెరిగినదానికి మాత్రం ఆ బెడద తప్పింది. గడ్డిని గడ్డి అనడానికి 90 ఏళ్లు!

తెరలు సిద్ధమయ్యాక అసలు పరీక్ష అపార్టుమెంటు సంఘం దగ్గర వచ్చింది. బయటికి కనిపించేవి అన్నీ ఒకేలా ఉండాలన్నది నియమం. కార్యదర్శి గారు మంచి మనిషే, నియమం దగ్గరకు వచ్చేసరికి ఉక్కు మనిషి. తెరలు గ్రిల్లుకు లోపలి వైపున, దూలానికి మాత్రమే కట్టుకుంటాను, రంగు వేయను, వెదురు రంగే ఉంటుంది అని రాసిచ్చాను. గ్రిల్లుకు లోపలైనా గాజుకు బయటే కదా, నాకు కావలసింది అదే. ఆయన సంతకం పెట్టి, అడుగు ఎంత పడింది అని మెల్లగా అడిగారు. వాళ్లదీ పడమటి ఫ్లాటే.

బిగించేటప్పుడు దూలానికి గట్టి కొక్కేలు పెట్టించాను. కాంక్రీటుకు పనికొచ్చే బోల్టులు, గిలకలు, తాడు రాణిగంజ్‌లో తీసుకున్నాను, 1,100 అయింది. తాడు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. తెర ఎత్తే తాడు రెండు కొసలూ ముడివేసి ఉచ్చులా వేలాడదీయడం చాలా ఇళ్లలో చూశాను. చంటిపిల్లలు ఉన్న ఇంట్లో అది మెడకు పడే ఉచ్చే. మా చెల్లెలి కొడుక్కి రెండేళ్లు, వస్తూ పోతూ ఉంటాడు. కొసలు కలపకుండా వదిలేసి, నా భుజం ఎత్తున గోడకు కొక్కెం పెట్టి, తాడు దానికే చుట్టేలా చేశాను.

అంతా అయింది అనుకున్న నాలుగో రోజు సాయంత్రం ఈదురు గాలి లేచింది. ఇంట్లో ఎవరూ లేరు. వచ్చి చూస్తే తెర కింది కర్ర లోలకంలా ఊగి ఊగి అమ్మ తులసి కుండీని పగలగొట్టింది. మట్టి హాలు గుమ్మం దాకా. అమ్మ ఈసారి తెరను తిట్టలేదు, నన్నే తిట్టింది. మర్నాడు పెద్దాయన వచ్చి, ప్రతి తెర కింది కర్రకు రెండు కొసలా ఉంగరాలు తొడిగి, గ్రిల్లు అడుగున కొక్కేలకు తగిలించేలా చేశాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్పాను సార్, మీరు ఫోనులో ఉన్నారు" అన్నాడు.

తెరలు పూర్తయ్యేసరికి జూలై వచ్చేసింది, ఆ ఏడాది ఎండలు వెళ్లిపోయాయి. అసలు ఫలితం తెలిసింది ఈ మే నెలలో. అదే ఉష్ణమాపకం, అదే చోటు, అదే ఐదు గంటలు. గాజుకు లోపలి వైపు కిందటేడు 47 చూపించిన చోట 37. హాలు మధ్యలో 34. ఏసీ వేసినట్టు ఉంటుందని చెప్పను, మే నెల హైదరాబాదు మే నెలే. కానీ ఫ్యాను గాలి ఇప్పుడు గాలిలా ఉంది, ఆవిరిలా లేదు. నాలుగున్నరకు సోఫా మీద కూర్చుని టీ తాగుతున్నాం. గాలి ఆడుతోంది. పద్దులు పగటి వెలుతురులోనే చూసుకుంటున్నాను. ఒకరోజు మాత్రం పక్క తెర దింపడం మరిచిపోయాను. అమ్మ చెప్పిన ఉత్తరపు మూల నుంచే, గాజు మీద సరిగ్గా అడుగు వెడల్పున ఎండ పట్టీ పడింది.

రాత్రి వెలుతురు గొడవ అలాగే ఉంది. వెదురు దాన్ని తీర్చలేదు. లోపల పల్చటి నూలు పరదా ఒకటి ఉంచుకున్నాం, దీపం పెట్టాక దాన్ని లాగుతాం. దుమ్ము కూడా పడుతుంది, నాలుగో అంతస్తు అయినా రోడ్డు పక్కే కదా. పదిహేను రోజులకోసారి పొడి బ్రష్షుతో దులుపుతాను. తడిగుడ్డ పెట్టను. నూలు దారం ఎండకు చివుకుతుందని, రెండేళ్లకోసారి మార్చుకోవాలని పెద్దావిడ ముందే చెప్పింది. బద్దలు అవే, దారమే కొత్తది. కూలీ సహా ఎంత అవుతుందో కూడా అప్పుడే చెప్పేసింది, ధర పెరిగితే పెరుగుతుందన్న షరతు మీద. పాత తెరలను పురుగు మిగతా బుట్టలకు పాకకుండా నల్ల సంచిలో కట్టి పారేశాను. 4,200 పద్దు కింద ఏమి రాయాలో తేలక 'చదువు ఖర్చు' అని రాసుకున్నాను.

వానాకాలంలో తెరలను తడిగా ఉండగా చుట్టకూడదు, లోపల బూజు పడుతుంది. ముందరి రెండింటినీ ఎండ కనిపించినప్పుడల్లా దింపి ఆరబెడుతూ వచ్చాను. పక్క తెర విషయంలో బద్ధకించాను. ఆగస్టు దాటాక దానితో పని తగ్గింది, చుట్టి పైనే ఉంచేశాను. సెప్టెంబరు మూడో వారంలో దింపబోతే పైనుంచి రెక్కల చప్పుడు. స్టూలు ఎక్కి చూస్తే, చుట్టకూ దూలానికీ మధ్య సందులో నాలుగు పుల్లలు, రెండు గుడ్లు, వాటి మీద పావురం. నన్ను చూసి మెడ ఉబ్బించింది గానీ కదల్లేదు.

కార్యదర్శి గారు చూస్తే వల కట్టించమంటారు. అమ్మ అయితే గుడ్లున్న గూడు ముట్టుకోవడానికి వీల్లేదంది. నేను క్యాలెండరు చూశాను. సెప్టెంబరు 23 దాటితే సూర్యుడు పడమరకు దక్షిణంగా దిగడం మొదలుపెడతాడు. ఉత్తరపు తెరకు మళ్లీ మార్చి దాకా పని లేదు.